తాళం వేశానా?

(తిరుపతిలో ఉద్యోగినుల సమావేశంలో ఒక బ్యాంకు అధికారిణి చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం ఇది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకొచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కింద కూర్చోవాలనుకునేవాళ్ళు మొహమాటపడకండి. ఈరోజుకు ఆ కుర్చీలు నలభై దాటినవాళ్ళవి. (నవ్వులు)

నన్ను పిలిచినప్పుడు 'ఉద్యోగంలో ఒత్తిడి గురించి మాట్లాడండి మేడమ్' అన్నారు. సరేనన్నాను. ఇంటికెళ్ళి రాసుకుందామని కూర్చుంటే ఒక్క ముక్క తోచలేదు. ఎందుకంటే ఒత్తిడికి నేనెప్పుడూ పెద్దగా భయపడలేదు. బ్యాంకులో ఇరవై ఆరు మార్చి నెలాఖరులు చూశాను. 2016 నవంబరులో నోట్ల రద్దప్పుడు బయట జనం, లోపల జనం, రాత్రి పదకొండింటికి క్యాష్ టాలీ చేసి స్కూటీ మీద ఇంటికొచ్చి, ఇంత పెరుగన్నం తిని హాయిగా నిద్రపోయినదాన్ని. అట్లాంటి నేను నలభై ఆరో ఏట, ఏ హడావుడీ లేని ఒక మామూలు మంగళవారం రాత్రి, స్ట్రాంగ్ రూమ్‌కి తాళం వేశానా లేదా అని వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఆ సంగతే చెప్తాను.

బ్యాంకువాళ్ళు కానివాళ్ళకు ఒక మాట చెప్పాలి. స్ట్రాంగ్ రూమ్ అంటే డబ్బు, బంగారం దాచే గది. దానికి రెండు తాళంచెవులు. ఒకటి నా దగ్గర, ఇంకొకటి హెడ్ క్యాషియర్ దగ్గర. ఇద్దరం ఉంటేనే తెరవగలం, ఇద్దరం ఉంటేనే మూస్తాం. మూశాక రిజిస్టరులో ఇద్దరం సంతకం చేస్తాం. అంటే నేనొక్కదాన్నే మరిచిపోయి వచ్చేయడం అనేది జరిగే పనే కాదు. కొత్తగా చేరిన పిల్లలకు ఈ పాఠం చెప్పేదే నేను! అయినా ఆ రాత్రి ఎం.ఆర్.పల్లి నుంచి స్కూటీ వేసుకుని బ్రాంచికి పోయాను. తొమ్మిదిన్నర. గార్డు మాజీ సైనికుడు, పుంగనూరు పక్క మనిషి. 'ఏం మేడమ్, ఈ పొద్దప్పుడు వచ్చినారు?' అన్నాడు. ఫోను మరిచిపోయానన్నాను. ఫోను నా చేతిలోనే ఉంది. (నవ్వులు)

రెండోసారి ఇంకేదో చెప్పాను. మూడోసారి ఆయన ఏమీ అడగలేదు. లేచి షట్టర్ తాళాన్ని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా గుంజి చూపించాడు. 'చూడండి మేడమ్. రాదు.' అంతే. మరుసటి రోజు నుంచి రాత్రి తొమ్మిదికల్లా ఆయనే ఫోన్ చేసేవాడు. 'తాళం చూసినాను మేడమ్, పండుకోండి.' మంచి మనిషి. ఆ మంచితనం నాకెంత చేటు చేసిందో తర్వాత చెప్తాను.

పండుకుంటే నిద్ర ఎక్కడ? కొండ మీద స్వామివారికి సుప్రభాతం మూడు గంటల వేళ కదా, కింద నాకూ అదే వేళకు మెలకువ. అలారం అక్కర్లేదు. ఇడ్లీపాత్ర మూత తీస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది చూడండి, అట్లా గుండెల దగ్గర మొదలై మెడ, ముఖం, నెత్తి దాకా ఎక్కేది. మెడ వెనక నైటీ తడిసిపోయేది. ఐదు నిమిషాలకు అదే చెమట చల్లబడి వణుకు. దుప్పటి కప్పుకోవడం, తోసెయ్యడం. మా ఆయన పాపం ఏసీ రిమోట్ నా చేతికిచ్చి, తాను శాలువా కప్పుకుని పడుకునేవారు. ఇక గుండె దడ. పరుగెత్తి వచ్చినట్టు కొట్టుకునేది.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్తాను, నేను తెలుసుకున్నదంతా ఈ కాస్తలోనే ఉంది. మెలకువ వచ్చిన మొదటి క్షణంలో నా తలలో ఏ ఆలోచనా లేదు. బ్యాంకు లేదు, తాళం లేదు, పిల్లల చదువులు లేవు. ముందొచ్చేది దడ. దాని వెనకాలే భయం, దేనికో తెలియని భయం. ఆ తర్వాత మనసు బీరువాలన్నీ వెతికి ఒక కారణం తెచ్చి ముందర పెట్టేది. 'ఆ గోల్డ్ లోన్ పొట్లం బరువు సరిగ్గా రాశానా?' 'ఆడిట్‌లో ఆ వోచర్ అడిగితే?' కారణం దొరికాక, ఇందుకేనన్నమాట నాకింత భయం అని మనం నమ్మేస్తాం. ఉద్యోగం అనేది ఎప్పుడు అడిగినా కారణం ఇవ్వగలదు. దాని దగ్గర కరువు లేదు.

నేనూ నమ్మేశాను. ఉద్యోగం నావల్ల కావడం లేదనుకున్నాను. ప్రమోషన్ ఇంటర్వ్యూకి పోలేదు, ఇంట్లో పరిస్థితులు బాగలేవని రాసిచ్చాను. రివ్యూ మీటింగులో మా బ్రాంచి మొండి బకాయిల అంకె అడిగితే, నేనే తయారుచేసిన అంకె, నోటికి రాలేదు. మైక్ మ్యూట్ చేసి, నెట్ సరిగా లేదన్నట్టు కూర్చున్నాను. ముందుగానే రిటైరైపోతానని వీఆర్ఎస్ అప్లికేషన్ టైపు చేసి కంప్యూటర్‌లో పెట్టుకున్నాను కూడా. ఎవరికీ అనుమానం రాకుండా దానికి 'న్యూ ఫోల్డర్' అనే పేరు ఉంచాను.

డాక్టర్ల దగ్గరికి పోలేదా అంటారు. పోయాను. ఊళ్ళో ఆసుపత్రులకేం తక్కువ? గుండెజబ్బేమోనని ఈసీజీ తీయించుకున్నాను, నార్మల్. ఒకాయన గ్యాస్ అన్నారు. ఇంకొకాయన రెండు నిమిషాలు మాట్లాడి ఆల్ప్రజోలామ్ రాశారు. దాంతో నిద్ర వచ్చింది, నిజమే. కానీ ఎన్నాళ్ళు వేసుకోవాలో ఆయన చెప్పలేదు, నేనడగలేదు. అది అలవాటు పడే మాత్ర. కొన్నాళ్ళకే ఒకటి చాలదనిపిస్తుంది. ఎవరైనా నెలల తరబడి వేసుకుంటూ ఉంటే దయచేసి టక్కున మానేయకండి, డాక్టరుకు చెప్పి కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఇంతమందిలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. 'అమ్మా, మీకు నెలసరి ఎట్లా వస్తోంది?' అడిగుంటే చెప్పేదాన్ని. ఒక నెల ఇరవై రోజులకే, ఇంకో నెల నలభై ఐదు రోజులకు. వచ్చినప్పుడు మాత్రం గంగమ్మ జాతరే. కౌంటర్ దగ్గర లేవాలంటే ముందు వెనక్కి తిరిగి కుర్చీ చూసుకునేదాన్ని. మీలో కొందరు తలాడిస్తున్నారు, నాకు కనిపిస్తోంది.

చివరికి అడిగింది ఒక గైనకాలజిస్టు. ఆమె దగ్గరికి కూడా బ్లీడింగ్ కోసం పోయానే గానీ భయం కోసం పోలేదు. ఆమె రక్తం పరీక్షలు చేయించారు. హిమోగ్లోబిన్ 8.4. 'రక్తం ఇంత తక్కువుంటే మెట్లెక్కినా గుండె దడదడలాడుతుంది, మీ మెదడు దాన్ని భయమనుకుంటుంది' అన్నారు. థైరాయిడ్, బీ12, షుగర్ కూడా చూశారు. థైరాయిడ్ ఎక్కువైనా ఇట్లాగే దడ, చెమట ఉంటాయి కాబట్టి అది చూడకుండా ఎవరూ ఏ నిర్ణయానికీ రాకూడదు. తర్వాత కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు, పెరిమెనోపాజ్ అని.

మనకు ముట్లుడగడం అనే మాట తెలుసు. ఒకరోజు ఆగిపోతుంది, అంతే అనుకుంటాం. వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో అది సుమారుగా 46, 47 ఏళ్ళకు వస్తోంది. పాశ్చాత్య దేశాల్లో 51. దానికి ముందు నాలుగైదేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువే, ఒంట్లో ఒక గందరగోళం నడుస్తుంది. పెరిమెనోపాజ్ అంటే అది. అంటే మనవాళ్ళకు నలభై, నలభై రెండుకే మొదలు కావచ్చు. ప్రమోషన్లు వచ్చేది, పిల్లలు ఇంటర్‌లో ఉండేది, అత్తమామలు మంచం పట్టేది కూడా అప్పుడే.

లోపల జరిగేది డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు నాకు గుర్తుంది. అండం విడుదలైన నెలలోనే ప్రొజెస్టెరాన్ సరిగా తయారవుతుంది. ఈ వయసులో కొన్ని నెలలు అండం విడుదలే కాదు, ముందు పడిపోయేది ప్రొజెస్టెరానే. దాని నుంచి మన ఒళ్ళు అలోప్రెగ్ననలోన్ అనే పదార్థం చేసుకుంటుంది. పేరు నోరు తిరగదు, పని మాత్రం జోకొట్టే అమ్మ పని. మెదడులో గాబా అని ఒక శాంతపరిచే వ్యవస్థ ఉంది, ఇది అక్కడ పనిచేస్తుంది. నాకు రాసిచ్చిన ఆ మాత్ర కూడా తట్టేది ఆ తలుపునే! ఇక ఈస్ట్రోజన్ వరసగా తగ్గుతూ పోదు. మన ఘాట్ రోడ్డు బస్సులాగా ఒక మలుపులో ఇటు, ఇంకో మలుపులో అటు విసిరేస్తుంది. ఒక నెల పడుచుపిల్లకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది, పై నెలకు అడుగంటుతుంది. మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే చోటుకు ఆ ఊపుతో ఓపిక తగ్గిపోతుంది. ఒంట్లో వేడి రవ్వంత పెరిగినా, ఇల్లు కాలిపోతున్నట్టు చెమట పట్టించేస్తుంది. మనం 'వేడి చేసింది' అని సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు తాగుతుంటాం. తాగండి, తప్పులేదు. దాంతో తీరేది మాత్రం కాదు.

ఇది తెలుసుకోవడానికి హార్మోన్ పరీక్ష కావాలని కొన్నిచోట్ల వేలకు వేలు గుంజుతారు. నలభై ఐదు దాటినవాళ్ళకు లక్షణాలు, నెలసరి లెక్క చూసి చెప్పెయ్యొచ్చు, ఎఫ్ఎస్‌హెచ్ అనే ఆ హార్మోన్ పరీక్ష అక్కర్లేదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2015లోనే మార్గదర్శకాల్లో రాసింది. ఈవేళ ఒక రకంగా, పై వారం ఇంకో రకంగా ఉండే అంకెను ఒకసారి కొలిచి ఏం తేలుస్తాం? బ్యాంకు భాషలో చెప్పాలంటే, కరెంట్ అకౌంట్ బ్యాలెన్స్ మధ్యాహ్నం పన్నెండింటికి ఒకసారి చూసి వ్యాపారం ఎట్లా ఉందో చెప్పమన్నట్టు.

ఇంకొకటి, కోపంగానే చెప్తాను. ఈ డాక్టరమ్మ దగ్గరికి పోకముందు ఒక నర్సింగ్ హోమ్‌లో స్కానింగ్ చూసి, 'పిల్లలున్నారుగా, గర్భసంచి తీసేద్దాం, పీడా విరగడైపోతుంది' అన్నారు. డేటు కూడా ఇచ్చారు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశం మొత్తంలో మన రాష్ట్రంలోనే ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో దేశంలో నూటికి ముగ్గురైతే మన దగ్గర దాదాపు తొమ్మిది మంది. నిజంగా అవసరమైన వాళ్ళుంటారు, కాదనను. కానీ గర్భసంచి తీసేస్తే భయం పోదు. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే నాలుగైదేళ్ళలో రావాల్సిన మెనోపాజ్ ఒక్క రాత్రిలో వచ్చి నెత్తిన పడుతుంది. ఎవరైనా ఆపరేషన్ అంటే ఇంకొక డాక్టరును కూడా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం వద్దు.

ఇంట్లో చెప్తే మా అత్తమ్మ, ఆమె తాతయ్యగుంట వీధుల్లో పుట్టిపెరిగిన మనిషి, 'మా కాలంలో ఈ పేర్లన్నీ యాడుండాయి మే' అనేసింది. నాకు చిన్నతనమైపోయింది. ఒక నెల గడిచిందేమో, చలికాలం, ఇద్దరం కూర్చుని పితికిపప్పుకు అనపగింజలు పితుకుతున్నాం. తలెత్తకుండా మొదలుపెట్టింది. 'నాకూ అట్నే ఒళ్ళు కాలిపోయేది. మిద్దె మీద గచ్చు చల్లగుంటాదని పోయి పండుకునేదాన్ని. మీ మామ గాలి సోకిందని తాయెత్తు కట్టించినాడు.' సరే, ఇంకేమయ్యేదని అడిగాను. 'పిలకాయలు బాయిలో పడతారని దిగులు. బాయి మింద చెక్క ఏసిందా లేదా అని రాత్రికి మూడుసార్లు లేసి పోయి చూసొచ్చేదాన్ని.'

నా చేతిలో గింజ అట్లాగే ఉండిపోయింది. ఆమె ఒక్క రోజు ఉద్యోగం చేసిన మనిషి కాదు. ఆమెకు ఆడిట్ లేదు, టార్గెట్ లేదు. నాకు స్ట్రాంగ్ రూమ్ దొరికింది, ఆమెకు బావి దొరికింది. మరి ఎట్లా తగ్గింది అత్తమ్మా అంటే, 'ఏం తగ్గేది. తాయెత్తు తెగిపోయింది' అని ఇంకో గుప్పెడు గింజలు తీసుకుంది.

ఆ రాత్రే 'న్యూ ఫోల్డర్' డిలీట్ చేశాను.

వైద్యం సంగతి. నాకు పనికొచ్చింది మీకు పనికిరాకపోవచ్చు, నేను డాక్టరును కాను. బ్లీడింగ్‌కి గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ వేశారు. ఐరన్ మాత్రలు ఇచ్చారు, అవి కాఫీతో కలిపి మింగితే ఒంటికి పట్టదని నాకు అంతవరకూ తెలియదు. చర్మానికి రాసుకునే ఈస్ట్రోజన్ జెల్ మొదలుపెట్టారు. గర్భసంచి ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు, తోడుగా ప్రొజెస్టెరాన్ ఉండాలి. నాకు లూప్ ఆ పని చేస్తుంది. హార్మోన్లనగానే క్యాన్సరని భయపడతాం. ఆ భయం చాలావరకు 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం నుంచి పుట్టింది. అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. నలభై ఎనిమిదేళ్ళ మనిషి లెక్క, అరవై మూడేళ్ళ మనిషి లెక్క ఒకటి కావని తర్వాత తేల్చారు. అయితే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళకు, లివర్ జబ్బున్నవాళ్ళకు మామూలుగా ఇవ్వరు. వాళ్ళకు వేరే మందులున్నాయి. మీ చరిత్ర మొత్తం డాక్టరు ముందు విప్పండి, అక్కడ గుట్టు వద్దు.

జెల్‌తో చెమటలు తగ్గాయి, నిద్ర కుదిరింది. కానీ తాళం అలవాటు పోలేదు! భయం ఒకసారి ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాక అంత తొందరగా ఖాళీ చెయ్యదు. అప్పుడు ఒక సైకాలజిస్టు దగ్గరికి పోయాను. సీబీటీ అంటారు, ఆలోచనను, అలవాటును పట్టుకుని సరిచేసే పద్ధతి. ఆమె మొదట చెప్పిన పని వింటే నవ్వుతారు. 'గార్డును రాత్రి ఫోన్ చెయ్యొద్దని చెప్పండి.' ఆయన చెప్పిన ప్రతిసారీ నాకు పది నిమిషాలు ప్రాణం తేలికపడేది, మరుసటి రాత్రికి ఆ మాట లేకుండా ఉండలేని స్థితి వచ్చేది. ఆ మంచితనం చేసిన చేటు ఇదే. ఆయనకు చెప్పడం ఎంత కష్టమైందో. 'నేనేమన్నా తప్పు చేసినానా మేడమ్?' అన్నాడు. బాధపడ్డాడు కూడా.

మొదటి రాత్రి తొమ్మిదయింది, ఫోన్ మోగలేదు. పోయి చూడాలని కాళ్ళు లాగేస్తున్నాయి. సైకాలజిస్టు చెప్పినట్టు సోఫాలో కూర్చుని గడియారం చూస్తూ ఉన్నాను. ఊపిరి నెమ్మదిగా వదలడం, పీల్చినదానికంటే వదిలేది ఎక్కువసేపు. అంతే నా ఆయుధం. దడ పెరిగింది, ఇంకా పెరిగింది. నలభై నిమిషాలకు దానంతట అదే దిగడం మొదలైంది. నేను పోలేదు, ఎవరూ చెప్పలేదు, అయినా దిగింది. రెండో రాత్రి అరగంట. రెండు వారాలకు ఆ వేళకు నేను కూరగాయలు తరుగుతూ ఉన్నాను, తొమ్మిది దాటిందని కూడా చూసుకోలేదు.

ఉద్యోగంలో చేసుకున్న మార్పులు చిన్నవే. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేశాను, ఈ ఊళ్ళో పుట్టి ఆ పని చెయ్యడం ఎంత కష్టమో మీకు తెలుసు. ముఖ్యమైన అంకెలన్నీ ఒక చిన్న కార్డు మీద రాసి రివ్యూకి పట్టుకెళ్తాను, చూసి చదువుతాను, సిగ్గుపడను. సింథటిక్ చీరలన్నీ మా చెల్లెలికి ఇచ్చేశాను, అది ఇంకా చిన్నది, దాని టైము దానికొస్తుంది. (నవ్వులు) ఆదివారాలు అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఎక్కుతాను. మొక్కు కాదు, మోకాళ్ళ కోసం, నిద్ర కోసం. మొక్కనుకునే మా అత్తమ్మ సంతోషపడుతోంది, అట్లాగే ఉండనీ.

పై అధికారికి చెప్పాలా అని అక్కడెవరో చీటీ పంపారు. నేను చెప్పాను. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. టేబుల్ మీద పేపర్ వెయిట్ కేసి చూస్తూ విన్నారు. 'టేక్ కేర్ మేడమ్' అన్నారు. అదే సాయంత్రం టార్గెట్ల మెయిల్ వచ్చింది. (నవ్వులు) అంచేత చెప్తే ఏదో ఒరుగుతుందని నేననను. కానీ చెప్పిన తర్వాత మీటింగులో ఫ్యాను పక్క కుర్చీ లాక్కుని కూర్చోవడానికి నాకు ఎవరి అనుమతీ అవసరం లేకుండా పోయింది. చట్టం సంగతంటారా, ప్రసూతి సెలవు 2017 నుంచి 26 వారాలు చేశారు, మంచిదే. బిడ్డను కనే ఒంటికి చట్టంలో చోటుంది. ఆ బిడ్డ ఇంటర్ చదివేనాటికి అదే ఒళ్ళు ఏమవుతుందో అందులో ఒక్క పేరా లేదు. యూనియన్లలో ఉన్నవాళ్ళు ఇది రాసుకోండి.

ఇంకో చీటీ. 'పిచ్చి డాక్టరు దగ్గరికి పోతే ఊళ్ళో తెలిసిపోదా?' తెలిస్తే తెలియనివ్వండి. రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ వరసలో కూర్చున్నవాళ్ళు మన పక్కింటివాళ్ళే. గడప దాటడం ఇష్టం లేకపోతే టెలీ మానస్‌కి ఫోన్ చెయ్యండి, 14416. ప్రభుత్వానిది, ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ముఖ్యంగా రాత్రి మూడింటికి 'నేను లేకపోతే బాగుండు' అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, తెల్లారనీలే అనుకోకండి. అప్పటికప్పుడే చెయ్యండి. నంబరు బోర్డు మీద రాస్తున్నారు చూడండి.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. విడిగా అడగాలనుకునేవాళ్ళు బయటికి రండి, ఇక్కడ మైకులో అడగలేనివి చాలా ఉంటాయని నాకు తెలుసు. బయట కాఫీ ఉంది, మజ్జిగ ఉంది. మూడు దాటింది కాబట్టి నాకు మజ్జిగే.